గండభేరుండమునకు తలా ఒక ప్రాణము

విద్యార్థులారా! వ్యాకరణ పాఠమునకు ఉదాహరణములు కావ్యములనుండియే తీయవలెనను నియమము లేదు. అంగడిలోని ధరల పట్టికనుండియు, రైలు టిక్కెట్టు వెనుక అచ్చువేసిన షరతులనుండియు తీయవచ్చును. ఈ సంచికలో నేను తీయబోవు ఉదాహరణములు ఆటకార్డులలోనివి. కార్డులను మాట వినగానే పేకాట యని కంగారుపడు తల్లిదండ్రులు కొందఱు కలరు కావున ముందే చెప్పుచున్నాను: మన పిల్లలు మధ్యాహ్న విరామమున వేపచెట్టు క్రింద ఆడునది పందెపుటాట గాదు, అందు డబ్బు చేతులు మాఱదు. మాఱునది మాటల అర్థమే. ఆ అర్థము విషయమున నేను పొరబడి ఒక బాలునకు అన్యాయము చేసితిని. ఈ వ్యాసమునకు అదియే కారణము.

ఆట పేరు ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’. గణితశాస్త్రమున డాక్టరేటు పొందిన రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా దేశీయుడు దీనిని కల్పించెను. విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ 1993 లో ప్రకటించెను. ఆటగాడు తాను సేకరించిన కార్డులనుండి తన కట్టను తానే కూర్చుకొని వచ్చును. ఒక్కొక్క కార్డుమీద ఒక బొమ్మయు, బొమ్మ క్రింద రెండు మూడు వాక్యములును ఉండును. ఆ వాక్యములే శాసనము. చదరంగమున గుఱ్ఱపు నడక ఎవరి గుఱ్ఱమునకైనను ఒక్కటే. దానిని గుఱ్ఱముమీద వ్రాయ నక్కఱలేదు. ఇచ్చటనన్ననో ప్రతి కార్డును తన నడకను తనమీదనే వ్రాసికొని వచ్చును. అందుచే ఈ ఆటలో చదువుట వచ్చినవాడే ఆడుట వచ్చినవాడు. సామాన్యముగా ఇద్దఱాడుదురు. ఒక్కొక్కరికి 20 ప్రాణములు. ప్రాణములు సున్నకు వచ్చినవాడు ఓడును.

నలుగురు రెండు జట్లుగా ఆడు పద్ధతియు కలదు. దానికి ఆంగ్లమున ‘టూ హెడెడ్ జయంట్’ అని పేరు; రెండు తలల రాక్షసుడని అర్థము. మన పిల్లలలో ఒకడు దానికి గండభేరుండమని పేరు పెట్టెను. పంచతంత్రమున రెండు తలలును ఒక్క కడుపును గల పక్షి కథ మీరు చదివియున్నారు. ఒక తలకు అమృతతుల్యమైన ఫలము దొరకగా అది రెండవదానికి పెట్టక తానే తినెను, రెండవ తల కోపముతో విషఫలమును మ్రింగెను, పక్షి చచ్చెను. నోళ్లు రెండు, ప్రాణ మొక్కటి. ఆట స్వభావమును ఇంతకంటె బాగుగా చెప్పు పేరు నాకు తోచలేదు.

ఈ జట్టుల ఆటలో ఇద్దఱికి ఉమ్మడిగా 30 ప్రాణములు. వంతు ఉమ్మడి, దాడి ఉమ్మడి. కట్ట, చేతిలోని కార్డులు, బల్లమీదికి దింపిన జీవులు, వానిని దింపుటకు కావలసిన శక్తి మాత్రము ఎవరివి వారివే. ఒకరి కార్డులను మఱియొకరు చూడవచ్చును, సలహా చెప్పవచ్చును, వాడరాదు. మన ఊరి ఉమ్మడి కుటుంబములలో పొయ్యి ఒక్కటియు పెట్టెలు వేఱువేఱుగాను ఉండునట్లే యిదియును.

ఇక కథకు వత్తము. కార్డులను తెచ్చినవాడు పదవ తరగతి విద్యార్థి. సింగపూరునుండి వాని మేనమామ తెచ్చి యిచ్చెను. కార్డులు ఆంగ్లమున నున్నవి. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఆ ఆంగ్లము కొఱుకుడు పడలేదు. ఇతడు విసుగుకొనక ఒక్కొక్క కార్డునకు తెలుగున చీటీ వ్రాసి, కార్డు నలుగకుండ తొడిగిన ప్లాస్టిక్ తొడుగులో ఆ చీటీని చేర్చెను. ఆ పని చూచి నేను మిక్కిలి సంతోషించితిని. ‘జులాపోర్ట్ కట్‌థ్రోట్’ అను కార్డునకు వాడు వ్రాసిన చీటీ యిది: ‘ఈ జీవి గాని, మీ జీవులలో మఱియొకటి గాని చచ్చినపుడు ప్రత్యర్థులు ఒక ప్రాణము కోల్పోవుదురు, మీరు ఒక ప్రాణము పొందుదురు.’

ఆనాడు ప్రత్యర్థి జట్టునకు మిగిలిన ప్రాణములు రెండు. ఇతని జీవి యొకటి చచ్చెను. ‘ఇద్దఱికి ఒక్కొక్కటి పోయినది, ఆట ముగిసినది’ అని యితడు లేచెను. ‘ప్రత్యర్థులు ఒక ప్రాణము అని నీవే వ్రాసితివి గదా! పోయినది ఒకటియే, ఇంకొకటి మిగిలియున్నది’ అని వారు పట్టుబట్టిరి. నలుగురును నాయొద్దకు వచ్చిరి. నేను చీటీ చదివితిని. శరీర మొక్కటే కదా, ప్రాణము లుమ్మడియే కదా, కావున ఒకటే పోవలెనని తీర్పు చెప్పితిని. ‘ఇంగ్లీషులో ఈచ్ అని యున్నదయ్యా’ అని వాడనెను. ‘ఆడువారందఱు చదివినది చీటీని. చీటీలో నున్నదే చెల్లును’ అంటిని. మఱుసటి వంతున ప్రత్యర్థులే గెలిచిరి. ఓడినవాడు లెక్క మార్చబోయినాడని తరగతిలో ఒక మాట పుట్టెను. నాలుగు దినములు వాడు వేపచెట్టు వైపునకు రాలేదు.

ఐదవనాటి రాత్రి నేను ఆ యాట నియమావళిని తీసి చదివితిని. అందు జట్టుల ఆటకు ప్రత్యేక ప్రకరణమే కలదు. దాని సారమిది: దెబ్బయైనను, ప్రాణనష్టమైనను, ప్రాణలాభమైనను ముందు ఒక్కొక్క ఆటగానికి విడివిడిగా చెందును, ఆ ఫలితము పిమ్మట ఉమ్మడి లెక్కలో పడును. ‘ప్రతి ప్రత్యర్థియు ఒక ప్రాణము కోల్పోవును’ అన్నపుడు మొదటి తలకు ఒకటి, రెండవ తలకు ఒకటి. ఉమ్మడి లెక్కనుండి రెండు పోవును. ఆ దినము ఆట నిజముగా ముగిసినది. గెలిచినవాడు ఆ పిల్లవాడే.

నా పొరపాటు ఎచ్చట నున్నదో చూడుడు. లెక్క యెచ్చట వ్రాయబడునో దానినిబట్టి, లెక్క యెవరిమీద పడునో నేను నిర్ణయించితిని. ఇవి రెండును వేఱు. ఒకే ఇంటి అన్నదమ్ము లిద్దఱికి చెఱి పది రూపాయలు జరిమానా విధించిరనుకొనుడు. ఇంటి పెట్టె యొక్కటే యని పది రూపాయలు కట్టి వచ్చిన ఎవ్వ రంగీకరింతురు? పెట్టె యొక్కటియే; జరిమానాలు రెండు. ఇరువది రూపాయలు కట్టవలసినదే.

చీటీలోని వాక్యమునకు వత్తము. ‘ప్రత్యర్థులు ఒక ప్రాణము కోల్పోవుదురు’ అనుట తెలుగున తప్పు వాక్యము గాదు, రెండర్థముల వాక్యము. ‘బాలురు ఒక పద్యము చదివిరి’ అన్నపుడు అందఱు గొంతుకలిపి ఒకే పద్యము చదివిరా, లేక ఒక్కొక్కరు ఒక్కొక్క పద్యము చదివిరా? వాక్యము చెప్పదు. సభలో నున్నవానికి తెలియును, వార్తాపత్రికలో చదువువానికి తెలియదు. ఈ సందేహమును తీర్చుటకు మన భాష ఎన్ని ఉపాయములను దాచియుంచినదో గమనింపుడు. ‘ఒక్కొక్క పద్యము’ అని సంఖ్యను ద్విరుక్తము చేయవచ్చును. ‘రెండేసి పద్యములు’, ‘మూడేసి పద్యములు’ అని ‘ఏసి’ చేర్చవచ్చును. ‘మనిషికి ఒకటి’ అనవచ్చును. వీనికంటె చక్కనిది, మన యిండ్లలో అమ్మలు నిత్యము పలుకునది, ‘తలా ఒకటి’. పండుగనాడు అప్పాలు పంచునపుడు తలా రెండు అని చెప్పిన పిదప ఏ పిల్లవాడును సందేహపడి మీమాంసకుని యొద్దకు పోడు. పంచుకొనువారు ఇద్దఱే యైనచో మఱింత నిక్కచ్చిగా ‘చెఱి యొకటి’ అందుము. ‘చెఱి’ అను మాటలోనే ఇద్దఱను అర్థ మిమిడి యున్నది. ముగ్గురికి చెఱి యొకటి యనరాదు, తలా ఒకటి యనవలెను.

రెండు తలల రాక్షసుని ఆటకు ‘తలా’ అను పదము ముందే కుదిర్చి పెట్టినట్లున్నది. నలుబది యేండ్లు దాటిన తెలుగు ఉపాధ్యాయుడను. ఆంధ్రదేశమున పండిత శిక్షణ పొందినవాడను. ఆ పదము నాకు ఆనాడు స్ఫురింపలేదు. ‘ప్రత్యర్థులు తలా ఒక ప్రాణము కోల్పోవుదురు’ అని చీటీలో ఉండెనేని తగవే లేదు.

ఇక రెండవ చిక్కు, ‘మీరు’ అను పదము. ప్రత్యర్థులు ఆనాడే ఇంకొక ప్రశ్న వేసిరి: ‘మీరు ఒక ప్రాణము పొందుదురు అన్నపుడు ఇద్దఱును పొందుదురా?’ ఆంగ్లమున ఏకవచనమునకును బహువచనమునకును నేడు ఒకే సర్వనామము. పూర్వము వారికిని ఏకవచనమునకు వేఱు పదముండెను, వాడుకలో జాఱిపోయినది. మనకు నీవు, మీరు అని రెండు పదములున్నవి. చుట్టునున్న తమిళులకును నీ, నీంగళ్ అని రెండున్నవి. అయితే ఈ రెండు భాషలలోను మర్యాద యను నొకటి వచ్చి వ్యాకరణమునకు అడ్డుపడును. గౌరవింపదగిన వాడొక్కడైనను ‘మీరు’ అందుము. కావున ‘మీరు’ అని వ్రాసినపుడు అది ఒక్క పెద్దమనిషియా, ఇద్దఱు పిల్లలా తెలియదు. ‘ఏల మీరని వ్రాసితివి?’ అని నేను ఆ పిల్లవానిని తరువాత నడిగితిని. ‘ఎవరు చదువుదురో తెలియదు గదయ్యా. పెద్దవారైన నీవనుట బాగుండదు’ అనెను. ఆ జవాబు నాకు నచ్చినది. కాని ఆటకార్డు మర్యాద నెఱుగదు. అచ్చట ఉన్నది ఆ కార్డును నడపుచున్న ఒక్కనిని సంబోధించు ఏకవచనమే. తెలుగున దానిని ‘నీవు’ అనియే వ్రాయవలెను. ‘నీవు ఒక ప్రాణము పొందుదువు’ అన్నచో ఉమ్మడి లెక్కకు చేరునది ఒక్కటే. ప్రత్యర్థులకు రెండు పోవును, మనకు ఒకటి వచ్చును. ఇది అన్యాయముగా దోచవచ్చును గాని వాక్యము అట్లే యున్నది.

‘నీ జీవులలో మఱియొకటి’ అనుటయు ఏకవచనమే. జతగాని జీవులు నీ జీవులు కావు. పొయ్యి ఉమ్మడి యైనను పెట్టె ఎవరిది వారిదే యని చెప్పితిని గదా. ఈ భేదమును ‘బ్లడ్ ఆర్టిస్ట్’ అను వేఱొక కార్డుతో పోల్చి చూచిన బాగుగా తెలియును. అది 2012 లో వచ్చినది. జులాపోర్ట్ 2015 లో వచ్చినది. రెండును అన్నదమ్ములవలె నుండును. బ్లడ్ ఆర్టిస్ట్ వాక్యము దాదాపిట్లుండును: ఇది గాని, మఱియొక జీవి గాని చచ్చినపుడు, నీవెంచుకొన్న ఒక ఆటగాడు ఒక ప్రాణము కోల్పోవును, నీవొక ప్రాణము పొందుదువు. ‘నీ’ అను ఒక్క అక్షరము ఇందు లేదు. కావున జతగాని జీవి చచ్చినను, శత్రువు జీవి చచ్చినను ఇది పనిచేయును. జులాపోర్ట్ చేయదు. మఱియొక వైపున, బ్లడ్ ఆర్టిస్ట్ ఒక్కరిని మాత్రమే ఎంచుకొనును. అందుచే జట్టు కోల్పోవునది ఒకటే. జులాపోర్ట్ ‘ప్రతి ప్రత్యర్థియు’ అనును. జట్టు కోల్పోవునది రెండు. ఇద్దఱే ఆడునపుడు, నీ జీవి చచ్చినచో, రెండు కార్డుల ఫలమును ఒక్కటే. నలుగురు కూర్చుండగానే రెండును విడిపోవును. వాక్యములలో అంతవఱకు నిదురించిన పదములు అప్పుడు మేల్కొనును.

‘గ్రే మర్చెంట్ ఆఫ్ ఆస్ఫొడెల్’ అని 2013 నాటి కార్డు మఱియొకటి కలదు. అదియు ప్రతి ప్రత్యర్థి ప్రాణములను హరించునదే. హరించు సంఖ్య బల్లమీది నీ కార్డులనుబట్టి లెక్కకు వచ్చును, మూడనుకొనుడు. ప్రత్యర్థులు తలా మూడు కోల్పోవుదురు, మొత్త మాఱు. నీకెన్ని వచ్చును? మూడని నాతో నలుగురును చెప్పిరి. కాదు. ఆ కార్డున నీవు మూడు పొందుదువని లేదు. ‘ఈ విధముగ పోయినన్ని నీవు పొందుదువు’ అని యున్నది. పోయినవి ఆఱు, వచ్చునవి ఆఱు. ‘అన్ని’, ‘ఎన్ని’ అను పదములను మనము పరీక్షలలో ఎంత నిర్లక్ష్యముగా చదువుదుమో తలచుకొన్న భయము కలుగును.

ఏకవచనమున్నంతమాత్రమున ఫలమెల్లప్పుడు ఒక్కనితో నిలుచునని భ్రమపడరాదు. ‘ప్లాటినం ఏంజెల్’ అను కార్డు 2003 నాటిది. ‘నీవు ఓడజాలవు, నీ ప్రత్యర్థులు గెలువజాలరు’ అని దాని భావము. ‘నీవు’ అన్నది ఒక్కనినే. కాని జట్టుల ఆటలో గెలుపోటములు జట్టునకే గాని విడిగా తలకు లేవు. ఒక తల ఓడజాలనపుడు రెండవ తల ఎట్లోడును? కావున ఆ కార్డు బల్లమీద నున్నంతవఱకు ఇద్దఱును క్షేమము. నియమావళియు ఇట్లే చెప్పుచున్నది. ఇచ్చట ఫలము విస్తరించినది పదముయొక్క అర్థమునుబట్టి గాదు, వస్తువుయొక్క స్వభావమునుబట్టి. నేను ఆనాడు చేసిన తప్పు తీర్పునకు ఈ కార్డు సరిగా తగియుండెడిది! సరియైన హేతువును సరికాని కార్డునకు వర్తింపజేసితిని.

మన పూర్వులు ఇట్టి ప్రశ్నలతో చిరకాలము కుస్తీ పట్టిరి. యజ్ఞమున సోమరసపు పాత్రను తుడువవలెనని ఏకవచనముతో విధి యుండగా, పాత్రలు పెక్కు లున్నపుడు ఒక్కదానినే తుడువవలెనా, అన్నిటినా యని పూర్వమీమాంసకులు చర్చించిరి. అన్నిటిని తుడువవలెననియే సిద్ధాంతము. అచ్చటి ఏకవచనము లెక్క చెప్పుటకు వచ్చినది గాదు, తుడువబడు వస్తువును చూపుటకు వచ్చినదని వారి వాదము. దీనికి గ్రహైకత్వన్యాయమని పేరు. పశువును అర్పింపుమన్న విధిలో మాత్రము ఏకవచనమునకు లెక్క కలదు, ఒక్క పశువే యనిరి. వచనమును చూడగానే లెక్క కట్టరాదనియు, ఆ పదము వాక్యమున చేయుచున్న పని యేమో ముందు కనుగొనవలెననియు వారి పట్టుదల. కార్డు పట్టిన పిల్లవాడు చేయవలసినదియు ఇదియే.

సంస్కృతమును ప్రస్తావించితిని గావున ఒక వింత చెప్పెదను. ఈ యాట కార్డులు తెలుగున అచ్చుకాలేదు గాని సంస్కృతమున ఒకటి అచ్చైనది! 2001 లో ‘అపొకలిప్స్’ అను కార్డుల సంపుటి విడుదలకు ముందు జరిగిన ఆటలలో పంచిన ‘ఫంగల్ షాంబ్లర్’ అను కార్డు అది. ఆ జీవి ఒక ప్రత్యర్థిని కొట్టినపుడు నీవొక కార్డు తీసికొందువు, ఆ ప్రత్యర్థి యొక కార్డు పాఱవేయవలెను. ఇచ్చట ‘ఆ ప్రత్యర్థి’ అనుటచే, దెబ్బ తిన్న తల మాత్రమే కార్డు పాఱవేయును. ప్రక్క తల చేయి చెక్కుచెదరదు. సంస్కృతమున ద్వివచన మున్నది కదా, జట్టుల ఆటకు ఆ భాషయే తగినది కాదా యని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నన్నడిగినది. మంచి ప్రశ్న. ద్వివచనము ఇద్దఱని చెప్పును. ఇద్దఱికి కలిపి ఒకటా, చెఱి యొకటా యన్నది మాత్రము అదియు చెప్పదు. ఆ పనికి మన ‘తలా’యే మేలు. ఇది తెలుగు ఉపాధ్యాయుని పక్షపాతమని ఎవరైన అన్నచో నేను కాదనను.

మనకు ఇంకొక సంపద యున్నది. ‘మేము’ అన్నపుడు వినువాడు వెలుపల. ‘మనము’ అన్నపుడు వినువాడు లోపల. తమిళమున నాంగళ్, నామ్ అనునవి యిట్టివే. ఆంగ్లమున ఈ భేదము లేదు. 2018 లో ఇద్దఱిద్దఱి ఆటకొఱకే ‘బ్యాటిల్‌బాండ్’ అను సంపుటిని వెలువరించినపుడు ఆ సంస్థ ‘నీ జట్టు’ అను పదమును కార్డులలో వాడవలసి వచ్చినది. ‘నీవు’ అనుటతో జతగాడు చేరడు గనుక. మన పిల్లలు ఆడునపుడు చెవి యొగ్గి వినుడు. జతగానితో ‘మన ప్రాణములు’ అందురు, ఎదుటివానితో ‘మా ప్రాణములు’ అందురు. ఎవ్వరును నేర్పనక్కఱలేదు.

సోమవారము నాడు నేను వేపచెట్టు క్రిందికి పోయి, నలుగురి యెదుట నా తీర్పు తప్పని చెప్పితిని. గోడమీది పట్టికలో గెలుపును మార్చి వ్రాయించితిని. గెలుపు పోగొట్టుకొన్న పిల్లవాడు ఊరకుండలేదు. వానికి ఊరకుండవలసిన పనియు లేదు. ‘అయ్యా, నాకు ఇంగ్లీషు రాదు. నేను చదివినది చీటీ. చీటీలో లేనిది నామీద ఎట్లు చెల్లును?’ అనెను. ఇది వ్యాకరణ ప్రశ్న కాదు. ఈ యాటలో ప్రమాణము ఆంగ్ల పాఠమే. అదియు కార్డుమీద అచ్చైన పాఠము గాదు, ఆ సంస్థ ఎప్పటికప్పుడు సవరించి ప్రకటించు నేటి పాఠము. తెలుగు చీటీకి అధికారము లేదు. కాని ఆ పాఠమును చదువలేని వానిని ఆ పాఠముచే ఓడించుట యెట్లు న్యాయమగును? త్యాగయ్య త్రిపురసుందరిపై తెలుగున కృతులు పాడిన ఈ తిరువొత్తియూరిలో, నాలుగు వైపుల వేఱు భాష వినుచు తెలుగున చదువుకొను మనకు అనువాదమే అనేక పర్యాయములు ఆధారము. కావున వానికి నేను నచ్చచెప్పజాలకపోతిని. నలుగురును కలిసి ఒక ఏర్పాటు చేసికొనిరి: ఆట మొదలుపెట్టక ముందు చీటీలన్నిటిని బిగ్గరగా చదువవలెను, సందేహము ఉన్న చీటీని అప్పుడే దిద్దవలెను, ఆట నడుమ దిద్దరాదు.

జులాపోర్ట్ కార్డునకు ఇప్పుడున్న చీటీ యిది: ‘ఈ జీవి గాని, నీవు నడపు మఱియొక జీవి గాని చచ్చినపుడెల్ల, ప్రత్యర్థులు తలా ఒక ప్రాణము కోల్పోవుదురు, నీవు ఒక ప్రాణము పొందుదువు.’ చేతివ్రాత ఆ పదవ తరగతి విద్యార్థిదే. ‘తలా’ క్రింద గీత గీసినవాడు మాత్రము ఆనాడు గెలుపు పోగొట్టుకొన్నవాడు.

అభ్యాసము: బ్యాటిల్‌బాండ్ సంపుటిలో ‘అసిస్ట్’ అను గుణము గల కార్డు లున్నవి. అట్టి కార్డు వెలలో కొంత భాగమును ‘మఱియొక ఆటగాడు చెల్లింపవచ్చును’ అని వాని భావము. జతగాడు అని లేదు. మఱియొక ఆటగాడు అని యున్నది. బల్లచుట్టు నలుగురు కూర్చున్నపుడు ఈ మాటకు ఎందఱు లోబడుదురు? జతగాడు మాత్రమే చెల్లింపవలెనన్నచో తెలుగు చీటీ నెట్లు వ్రాయవలెను? రెండు వాక్యములను వ్రాసి, వచ్చు శుక్రవారము తరగతికి తెండు.